ఆ లంక ఏ ఒడ్డుది

ఈ విషయం మీద ఇప్పటికి పదహారు ఉత్తరాలు రాశాను. తొమ్మిదింటికి రసీదులు వచ్చాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు.

విజయవాడలో మాజీ సైనికుల సమావేశం పెట్టినప్పుడు మాట్లాడతానని పది రోజుల ముందే పేరిచ్చాను. మూడు గంటలు కూర్చోబెట్టారు. చివర్లో శాలువా కప్పి, హవల్దార్ గారు రెండు ముక్కలు చెప్తారన్నారు. రెండో ముక్క మొదలుపెట్టగానే మైకు తీసుకుని అందర్నీ భోజనాలకు పిలిచారు. తీసుకున్నాయన ఎవరో నాకు గుర్తుంది. ఆ శాలువా మళ్ళీ కవర్లో పెట్టాను, ఇప్పటికీ బయటికి తియ్యలేదు. పత్రికకు రాస్తే నాలుగు వరుసలకు కోసి, రోడ్డు మీది గుంతల గురించి వచ్చిన ఉత్తరం కింద వేశారు.

నేను పింఛను గురించి అడగడం లేదు. పతకం గురించి అడగడం లేదు. నేను డ్యూటీ చేసిన ఒక పరాయి దేశంలో ఒక శాంతి ఒప్పందం ఉంది. పోయిన నెల దాని మీద అంతర్జాతీయ సమీక్ష నివేదిక బయటికి వచ్చింది. మా అమ్మాయి ఫోన్లో చూపించింది. ఒప్పందం నాటినుంచి ఇప్పటిదాకా మా సెక్టారుకు అందులో ఒకే ఒక్క వరుస ఉంది. ఉల్లంఘనలు లేవు.

భవానీపురంలో మా మేడ మెట్ల మీద నిలబడి చదివాను. చదివి అక్కడే కూర్చుండిపోయాను. మా అమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది. తాగానో లేదో గుర్తు లేదు.

ఆ సెక్టారులో ఒక లంక ఉండేది. నది మధ్యలో, పద్దెనిమిది ఇళ్ళు. నేను చూస్తుండగా తగలబెట్టారు. అది ఉల్లంఘన కాకపోతే ఏమిటో ఎవరో ఒకరు చెప్పాలి. అందుకని మొదటినుంచీ రాస్తున్నాను. ఇక్కడ మైకు తీసుకునేవాళ్ళు లేరు.

శాంతి దళంగా మేము అక్కడ దిగింది మధ్యాహ్నం రెండుంబావుకి. హెలికాప్టర్ తలుపు తెరవగానే తడి వేడి ముఖాన కొట్టింది. వాన రాబోయే ముందు మా దివిసీమలో ఉండే ఉక్కపోత లాంటిదే. వీపు మీద ఇరవై ఆరు కిలోల బ్యాగు. నీలి హెల్మెట్. గుండు ఆపే జాకెట్టు. నా వంతుకు రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు. నేను సిగ్నల్స్ హవల్దార్ని.

పోస్టు నదికి పడమటి గట్టు మీద ఉంది. రెండు ఇనుప కంటైనర్లు, చుట్టూ ఇసుక బస్తాలు, ముప్పై అడుగుల కాపలా టవరు, ఒక అల్యూమినియం బోటు. మన సైనికులం పద్నాలుగు మందిమి. మా మీద మేజర్ సాబ్. రకరకాల దేశాలనుంచి వచ్చిన పరిశీలకులు నలుగురు. వాళ్ళకు ఆయుధాలు ఉండవు. వాళ్ళ పెద్ద ఒక తెల్ల కెప్టెన్. అక్కడి భాష చెప్పడానికి ఒక దుబాసీ, ఆ జిల్లా బడిలో పాఠాలు చెప్పి మానేసినవాడు.

ఆర్డర్లు మొదటి సాయంత్రమే చదివి వినిపించారు. చూడాలి, లెక్కపెట్టాలి, రాయాలి. ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు రేడియోలో చెప్పాలి. మన మీద కాల్పులు జరిగితే తప్ప కాల్చకూడదు. హద్దు దాటడం కళ్ళతో చూసి ఖాయం చేసుకుంటే బోటు తీసుకుని అడ్డం వెళ్ళవచ్చు. దాటకపోతే కదలకూడదు.

ఆ హద్దేమిటో చెప్పాలి. పదేళ్ళు కొట్టుకున్న రెండు వర్గాలు రాజీకి వచ్చాయి. నదికి తూర్పున ఒకరు, పడమర ఒకరు. ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. నది ప్రధాన పాయే హద్దు, ఆయుధంతో దాటినవాడిది ఉల్లంఘన. ఆ వాక్యం రాసినవాళ్ళు నదిని మ్యాపులో చూసి ఉంటారు. మ్యాపులో నది కదలదు.

లంక మా పోస్టుకు ఎదురుగా, ఆరువందల గజాల దూరంలో ఉంది. మేము వెళ్ళినప్పుడు ప్రధాన పాయ లంకకు అవతల, తూర్పువైపు పారేది. లంకకూ మాకూ మధ్య మోకాటిలోతు నీళ్ళు, ఇసుక మేటలు. కాబట్టి లంక పడమటిది. అక్కడివాళ్ళు పడమటి వాళ్ళ బంధువులే. చేపలు పట్టి బతికేవాళ్ళు. నాకు కొత్త అనిపించలేదు. మాది నాగాయలంక దగ్గర పల్లె. మా నాన్న వేటకు వెళ్ళేవాడు, వేట లేనిరోజు పడవ దాటించేవాడు.

లంక పడవ నడిపేది ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. ఈతాకుల టోపీ పెట్టుకునేది. రోజూ ఏడింటికి మా రేవుకు చేపలు తెచ్చేది. మా వంటవాడిది చల్లపల్లి. ఆవిడ పడవ కనిపించగానే టవరు కింద నిలబడి కేకేసేవాడు.

"అన్నా, అత్తగారొచ్చింది."

"అత్తగారేంట్రా?"

"చేప తెచ్చి చేతిలో పెట్టి, వండింది బాలేదని మొహం పెట్టే మనిషిని ఇంకేమనాలన్నా?"

నిజమే. వాడు వండిన పులుసు ఆవిడకు ఒకసారి రుచి చూపించాడు. ఆవిడ నోట్లో పెట్టుకుని, దుబాసీ వైపు తిరిగి ఏదో అంది. పుల్లటిది వేసి చేపను దాచేశారంటోంది అని దుబాసీ చెప్పాడు. వంటవాడు రెండు రోజులు అలిగాడు. మూడోరోజు చింతపండు తగ్గించాడు.

డెబ్బై ఒకటోరోజు వాన మొదలైంది. పదకొండు రోజులు కురిసింది. నది పన్నెండు అడుగులు పెరిగింది. లంకవాళ్ళు సామాన్లు ఇళ్ళ కప్పుల మీద పెట్టుకుని, పిల్లల్ని పడవల్లో కూర్చోబెట్టి ఉన్నారు. మేము బోటులో బియ్యం, మంచినీళ్ళు ఇచ్చి వచ్చాం. ఎనభై మూడోరోజుకు నీళ్ళు దిగాయి.

దిగాక మా బోటు తూర్పువైపు గస్తీకి వెళ్ళి ఇసుకలో కూరుకుపోయింది. అంతకుముందు ఇరవై అడుగుల లోతున్న చోటు అది. ఆరుగురం దిగి తోశాం. నాకు అప్పుడే తెలిసింది. వెదురు గెడ తీసుకుని రోజంతా లోతులు చూశాను. పాత పాయ పూడిపోయింది, రెండడుగులు లేదు. కొత్త పాయ లంకకూ మా పోస్టుకూ మధ్యన కోసుకుంది. గెడ అందలేదు. కృష్ణలో వరద వెళ్ళిన ప్రతిసారీ మా పల్లెలో జరిగేదే. నది పక్కకు తిరిగి పడుకుంటుంది అనేవాడు మా నాన్న.

సాయంత్రం మేజర్ సాబ్‌కు చెప్పాను. మా మాటలు హిందీలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సాబ్, ప్రధాన పాయ ఇటువైపుకు వచ్చేసింది. ఒప్పందంలో రాసింది ప్రధాన పాయ అని. అలా చూస్తే లంక ఇప్పుడు తూర్పు వాళ్ళది అవుతుంది."

"నువ్వు లాయరువా?"

"కాదు సాబ్."

"బోటు ఇసుకలో ఇరుక్కోకుండా చూడు. నీకు చాతనైన పని అది."

ఆ మాట నేను మర్చిపోలేదు. అప్పటికి మాత్రం నాకు చాతనైన పనే చేశాను.

మా పల్లెలో వరద దిగిన మర్నాడు మగవాళ్ళంతా ఏటిలోకి వెళ్తారు. కొత్తగా లోతు ఎక్కడుందో చూసి, ఆ దారి అంచు పొడుగునా గెడలు పాతి, కొసకు గుడ్డపేలిక కడతారు. పడవలు మెరక మీదికి ఎక్కకుండా. ఎవరూ చెప్పక్కర్లేదు, అది ఊరి పని. పన్నెండేళ్ళ వయసునుంచి నేను నాన్నతో చేసిన పని. అక్కడా అదే చేశాను. కొత్త పాయ అంచు వెంట ఇరవై రెండు వెదురు గెడలు పాతాను. గుడ్డ విషయంలో జాగ్రత్తపడ్డాను కూడా. మా ఊళ్ళో ఎర్ర గుడ్డ కడతాం. అక్కడ ఎరుపు తూర్పు వర్గం జెండా. తెలుపు కడితే లొంగిపోయినట్టు. అందుకని మా పాత టెంటు నీలి గుడ్డ చింపి కట్టాను. నీలం మా బృందం రంగు. ఎవరికీ కోపం రాదనుకున్నాను.

అందరూ మెచ్చుకున్నారు. తెల్ల కెప్టెన్ ఫోటోలు తీసి పై ఆఫీసుకు పంపాడు. మేజర్ సాబ్ నా భుజం తట్టాడు. నా సర్వీసులో అలా తట్టింది ఆయన ఒక్కడే, ఆ ఒక్కసారే. నాకు బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

మర్నాడు తూర్పు వర్గం కమాండర్ బోటులో వచ్చి లంక దక్షిణం కొసన ఆగాడు. బైనాక్యులర్స్ పెట్టి గెడల వరుస ఈ చివరనుంచి ఆ చివరకు చూశాడు. తర్వాత నాకు సెల్యూట్ చేశాడు. నేనూ చేశాను.

ఎనభై ఆరోరోజు ఉదయం ఐదు నలభైకి చూస్తే వరుసలో ఐదు గెడలు లేవు. బోటు తీసుకుని దుబాసీతో వెళ్ళాను. లంక చుట్టూ తిరిగితే తూర్పున, పూడిపోయిన పాత పాయలో కనిపించాయి. రెండడుగుల నీళ్ళలో వంకరగా పాతి ఉన్నాయి. పక్కనే ఆ పడవ నడిపే ఆవిడ, నడుము దాకా తడిసి, చేతిలో పెద్ద రాయితో.

నాకు ఒళ్ళు మండింది. మొదటిసారి నా పనిని నలుగురూ మెచ్చుకుంటే దాన్ని పీకేసిందని. దుబాసీతో గట్టిగా అడిగించాను. ఆవిడ చాలాసేపు చెప్పింది. చేత్తో తూర్పు గట్టు చూపించింది, తమ ఇళ్ళు చూపించింది, గెడ చూపించింది.

"కర్రలు ఇక్కడే ఉంచమంటోంది," అన్నాడు దుబాసీ. "వాళ్ళు..."

నేను చెయ్యి అడ్డం పెట్టాను. చాలు అన్నాను. ఇక్కడ లోతు లేదు, బోట్లు ఇరుక్కుంటాయి, ఈవిడ పడవ మనిషి కదా, ఆమాత్రం తెలియదా అన్నాను. నా మాట ఎవరూ వినరని ఇన్నేళ్ళుగా రాస్తున్నవాణ్ణి. ఆరోజు ఆవిడ మాట పూర్తిగా విననిది నేనే. మొదటి ఉత్తరం తప్ప, ఇది కూడా ప్రతి ఉత్తరంలో రాశాను.

ఐదూ పీకి తెచ్చి మళ్ళీ కొత్త పాయ అంచున పాతాను. ఆవిడ ఒడ్డున నిలబడి చూసింది. ఒక్కొక్కటి పాతుతుంటే పెదవులు కదిలాయి. లెక్కపెట్టుకుంటోంది అనుకున్నాను. ఆరోజు మాకు చేపలు రాలేదు. అత్తగారికి అలక వచ్చిందన్నా అన్నాడు వంటవాడు.

ఎనభై ఎనిమిదోరోజు ఒప్పందం అమలును సమీక్షించే బృందం హెలికాప్టర్లో వచ్చింది. ఆరుగురు. నలభై నిమిషాలు ఉన్నారు. టవరు ఎక్కి చూశారు, రిజిస్టరు తిరగేశారు, టీ తాగారు. గెడల వరుస వెనకాల కనిపించేలా ఫోటో దిగారు. వాళ్ళలో పెద్దాయన ఒంటరిగా దొరికితే నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, నది మారిందని, లంక సంగతి చూడాలని. మంచి మాట, రాసి పంపండి అన్నాడు. అని వంటవాడి పళ్ళెంలోంచి ఉల్లిపాయ బజ్జీ తీసుకున్నాడు. రెండు పేజీలు రాసి అదే సాయంత్రం మేజర్ సాబ్‌కు ఇచ్చాను. పదహారు ఉత్తరాల్లో అది మొదటిది.

తొంభయ్యోరోజు. ఆకాశం తేటగా ఉంది. గాలి లేదు. మేజర్ సాబ్ వారం వారం జరిగే మీటింగుకు ఆరున్నరకే సెక్టారు ఆఫీసుకు వెళ్ళాడు, అరవై కిలోమీటర్లు. తొమ్మిదీ పదికి టవరు మీది సెంట్రీ అరిచాడు. తూర్పునుంచి మనుషులు, నడిచి వస్తున్నారు. నేను టవరెక్కాను. పాత పాయలో మోకాటిలోతు నీళ్ళలో నలభై మంది దాకా వరుసగా లంకవైపు నడుస్తున్నారు. తుపాకులు భుజానికి లేవు, చేతుల్లో ఉన్నాయి. తెల్ల కెప్టెన్ నా పక్కన నిలబడి బైనాక్యులర్స్‌లో చూస్తున్నాడు. సెట్టులో మేజర్ సాబ్‌ను పిలిచాను.

"సాబ్, ఆయుధాలతో లంక మీదికి వస్తున్నారు. బోటు తీస్తాను. ఓవర్."

"ఆగు. పాయ దాటారా?"

"లంక ఎక్కుతున్నారు సాబ్."

"నేను అడిగింది అది కాదు. ప్రధాన పాయ దాటారా లేదా? నువ్వు పాతిన గెడలు దాటారా? అవునా, కాదా?"

నేను గెడల వైపు చూశాను. ఇరవై రెండు గెడలు పాతాను. పొద్దున ఆరింటి లెక్కలో సెంట్రీ ఇరవై రెండే రాశాడు. అవి లంకకు ఇటువైపు, మాకూ లంకకూ మధ్యన ఉన్నాయి. గాలి లేక గుడ్డలు వేలాడుతున్నాయి. తుపాకులు పట్టుకున్నవాళ్ళు లంకకు అటువైపు ఉన్నారు.

"దాటలేదు సాబ్. కానీ..."

"దాటకపోతే కదలకండి. చూడండి, రాయండి. అవుట్."

మొదటి చప్పుడు తొమ్మిదీ పదిహేడుకి. మొదటి పొగ తొమ్మిదీ ఇరవై ఒకటికి. నేను టైములు రాశాను. నా పని అది. ఆరువందల గజాల దూరంలో మనుషులు పరిగెడుతుంటే, కాగితం మీద టైము పక్కన టైము రాశాను. కొందరు నీళ్ళలో దూకి మావైపు ఈదారు. కొత్త పాయ లోతు నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. గెడలు పట్టుకుని వేలాడారు. వంటవాడు గరిటె చేతిలో పట్టుకునే రేవులోకి పరిగెత్తి వచ్చాడు.

"అన్నా, బోటు తియ్యన్నా. గెడల దాకా మన వైపేగా అన్నా."

అప్పుడు బోటు తీశాను. ఆర్డరు లేకుండా. గెడలు పట్టుకున్న పదకొండు మందిని ఎక్కించుకున్నాం. గెడలు దాటి అవతలికి ఒక్క అడుగు వెయ్యలేదు. తర్వాత విచారణలో ఆర్డరు లేకుండా బోటు తీసినందుకు నాకు మందలింపు వేశారు. గెడలు దాటనందుకు ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకు దాటలేదో నాకు నేను ఇప్పటికీ చెప్పుకోలేకపోతున్నాను.

పన్నెండున్నరకు మేజర్ సాబ్ వచ్చాక లంక మీదికి వెళ్ళాం. వచ్చినవాళ్ళు అప్పటికి తూర్పుకు వెళ్ళిపోయారు. పద్దెనిమిది ఇళ్ళలో ఒక్కటీ నిలబడి లేదు. తొమ్మిదిమందిని లెక్కపెట్టాను. వాళ్ళ గురించి ఇంతకంటే రాయను.

తూర్పు కమాండర్ సాయంత్రం మా పోస్టుకు కబురు పంపాడు. మేము హద్దు దాటలేదు, మీ బృందమే నీలి గుడ్డలు కట్టి హద్దు చూపించింది, మా వైపు భూమిలో మేము మా పని చేసుకున్నాం. రేడియో రిజిస్టరులో నా మాటే సాక్ష్యం. దాటలేదు సాబ్. ఆ మాట వెనకాల నేను అన్న 'కానీ' రిజిస్టరులో లేదు.

కానీ అసలు సంగతి ఇది. లంక తూర్పు అంచుకు వెళ్ళేసరికి ఆ పడవ నడిపే ఆవిడ అక్కడుంది. బతికే ఉంది. పాత పాయలో మోకాటిలోతు నీళ్ళలో, నీలి గుడ్డ కట్టిన గెడ ఒకటి పట్టుకుని నిలబడి ఉంది. ఆరింటి లెక్క అయ్యాక వరుస చివరి గెడ పీకి, తీసుకెళ్ళి అటువైపు పాతుకుందట. ఇళ్ళు అడ్డమై టవరు మీదనుంచి నాకు అది కనిపించలేదు. చివర ఒకటి తగ్గిన సంగతి కూడా చూసుకోలేదు. ఆ నలభై మందీ ఆ గెడ పక్కనుంచే నడిచి వచ్చారు. నీలి గుడ్డే హద్దయితే, ఆ ఒక్క గెడ ప్రకారం వాళ్ళు దాటారు. దాటారు. నేను రేడియోలో చెప్పింది తప్పు.

ఆవిడ గెడ పీకి నా దగ్గరికి తెచ్చింది. నా రెండు చేతుల్లో పెట్టింది. ఏడవలేదు. దుబాసీ వైపు చూడకుండా నా వైపే చూసి ఒక మాట అడిగింది. దుబాసీ నేల చూపులు చూస్తున్నాడు. ఈసారి నేను చెప్పమన్నాను.

"ఇది ఇప్పుడు ఎక్కడ పాతమంటారు అని అడుగుతోంది."

మేజర్ సాబ్ పక్కనే ఉన్నాడు. తెల్ల కెప్టెన్ ఉన్నాడు. ఎవరమూ ఏమీ చెప్పలేదు. మిగిలినవాళ్ళను పడమటి శిబిరానికి తరలించారు. ఆవిడ ఎక్కడుందో నాకు తెలియదు. ఆ లంక మీద ఇప్పుడు ఎవరూ లేరు. ఎవరూ లేనిచోట ఉల్లంఘనలు ఉండవు. నివేదిక ఆ లెక్కన సరిగ్గానే ఉంది.

మేజర్ సాబ్ అన్నీ రాస్తానన్నాడు. రాశాడో లేదో తెలియదు. తర్వాత చాలా పైకి వెళ్ళాడు. నా నాలుగో ఉత్తరం, తొమ్మిదో ఉత్తరం ఆయనకే.

ఏడాది డ్యూటీ పూర్తయ్యాక రైల్లో విజయవాడ వచ్చాను. అవి వరదరోజులు. బ్యారేజీ గేట్లు అన్నీ ఎత్తి ఉన్నాయి. వారం తర్వాత మా పల్లెకు వెళ్తే మా తమ్ముడు ఏట్లో గెడలు పాతుతున్నాడు. ఎర్ర పేలికలు. నన్ను చూసి పడవలోంచే పిలిచాడు, రా అన్నయ్యా, ఒక పట్టు పట్టు అని. పడవ ఎక్కాను. గెడ చేతికిచ్చాడు. పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఏంటన్నయ్యా, ఎక్కడ పాతాలో మర్చిపోయావా?" అన్నాడు నవ్వుతూ.

గెడ వాడికిచ్చేశాను. ఆ రోజునుంచి ఏటిలోకి దిగలేదు. భవానీపురంలో మా వీధి చివరికి వెళ్తే కృష్ణ కనిపిస్తుంది. నేను అటువైపు వెళ్ళను. కళ్ళు మూసుకోకపోయినా ఆవిడ కనిపిస్తుంది. ఈతాకుల టోపీ లేదు. జుట్టు తడిసి ముఖానికి అంటుకుని ఉంది. రెండు చేతులూ చాచి గెడ ఇస్తోంది. నీలి గుడ్డలోంచి నీళ్ళు నా బూట్ల మీద కారుతున్నాయి.

ఈ నివేదిక మీద సంతకాలు చేసినవాళ్ళు ఉన్నారు. బజ్జీ తిని రాసి పంపమన్నాయన ఉన్నాడు. మేజర్ సాబ్ ఉన్నాడు. నాకు క్షమాపణ అక్కర్లేదు, శాలువా అక్కర్లేదు. రసీదు కూడా అక్కర్లేదు, తొమ్మిది ఉన్నాయి. నది మారినరోజు ఆ లంక ఏ ఒడ్డుది? తొమ్మిదిమంది చనిపోయినరోజు ఏ ఒడ్డుది? ఒక్క వాక్యం రాసి, కింద పేరు పెట్టి పంపండి. ఆవిడ నన్ను అడిగింది. నేను మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ గెడ ఎక్కడ పాతాలి? చెప్పండి.